సీటు కింది ట్యాంకు

మొన్న ఆదివారం మా పెద్ద మనుమరాలు హైదరాబాదు నుంచి జనగామకు కొత్త బండి వేసుకొని వచ్చింది. కొత్తదంటే పూర్తిగా కొత్తది కాదు, ఎవరి దగ్గరో పాతది కొని, పెద్ద చక్రాలు వేయించి, ఎత్తు లేపించి, బురదలో దిగబడితే లాక్కోవడానికి ముందర ఒక తాడు చుట్టే యంత్రం బిగించి, అడవుల్లో రాళ్లూ రప్పలూ ఎక్కడానికని ప్రత్యేకంగా తయారు చేయించుకున్నదట. రోడ్డు ఉండగా రోడ్డు లేని చోటికి పోవడం ఈ కాలంలో ఒక సరదా. వచ్చే వారం స్నేహితులతో భూపాలపల్లి అడవుల వైపు పోతున్నానని చెప్పింది. నేను బండి చుట్టూ ఒకసారి తిరిగి, రంగు గురించి గానీ చక్రాల గురించి గానీ ఒక్క మాట అడగకుండా, మోకాళ్లు మొరాయిస్తున్నా నేల మీద గోనెసంచి పరుచుకొని పడుకొని, వెనక వైపు కిందికి చెయ్యి పోనిచ్చి తడిమాను. ట్యాంకు అక్కడే ఉంది. దానికి కాపలాగా కింద దళసరి ఇనుప రేకు బిగించి ఉంది. ఆ రేకు మీద చెయ్యి ఆనించి చాలాసేపు అట్లాగే ఉండిపోయాననుకుంటాను, "ఏం పోగొట్టుకున్నవ్ తాతా కింద?" అని మనుమరాలు నవ్వింది. వయసైంది కదా, లేవడానికి ఆలస్యమవుతుందని ఏదో సర్దిచెప్పాను.

నా ఈడు వాళ్లకు డిస్పోజల్ జీపు అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర లేదు. మిలిటరీ వాళ్లు వాడి వదిలేసిన ఆ జీపుల్లో పెట్రోలు ట్యాంకు సరిగ్గా డ్రైవరు సీటు కింద ఉండేది. బంకులో పెట్రోలు పోయించాలంటే డ్రైవరు దిగి, సీటు మెత్త ఎత్తి, మూత తియ్యాలి. ఎంత పెద్దమనిషి నడుపుతున్నా సరే లేచి నిలబడక తప్పదు. మహబూబాబాదులో, అంటే మా నోట్లో మానుకోటలో, కురవి రోడ్డున షెడ్డు నడిపే మా మేనమామ దగ్గర అట్లాంటి జీపు ఒకటి ఉండేది. తుక్కు కింద తెచ్చిన ఛాసిసుకు ఒక్కొక్క సామాను వెతికి అతికించుకుంటూ దాన్ని ఆయన కొన్నేళ్లపాటు తయారు చేసుకున్నాడు. మా అత్తకు సవతి లేని లోటు ఆ జీపు తీర్చిందని ఇంట్లో వేళాకోళమాడేవాళ్లం.

నేను ఆయన దగ్గరికి చేరింది అరవై తొమ్మిది ఉద్యమం నడిచిన ఏడు. కాలేజీలు మూతపడ్డాయి, మాలాంటి వాళ్లకు ఒక ఏడు చదువు గంగలో కలిసింది. ఇంట్లో ఊరికే కూర్చుంటే ఏ ఊరేగింపులో దెబ్బలు తింటానోనని మా అమ్మ నన్ను తమ్ముడి షెడ్డుకు పంపింది. కాలేజీలు తెరిచాక వెనక్కి పోవాలన్నది ఒప్పందం. పోలేదు. గ్యాసు వెల్డింగులో కరిగిన ఇనుము కరిగిన చోటే గట్టిపడి ఒక్కటైపోవడం చూశాక, మళ్లీ పుస్తకాల్లో నాకు అంత ఆనందం దొరుకుతుందనిపించలేదు. ఆ నెలల్లో ఎప్పుడు బందు పిలుపు వస్తుందో, ఎప్పుడు బంకు మూస్తారో తెలిసేది కాదు. పెట్రోలు లేక మామ జీపు రోజుల తరబడి షెడ్డులో నిలబడితే, ఈ చిన్న ట్యాంకు తీసేసి వెనక పెద్ద ట్యాంకు వేస్తే ఎంత బాగుంటుందన్న పురుగు నా బుర్రలో తొలవడం అప్పుడే మొదలైంది.

మామ ఒప్పుకోలేదు. ఒకటీ రెండూ కాదు, ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. అడిగినప్పుడల్లా ఒకే జవాబు. "ట్యాంకు నడిపేటోని కిందనే ఉండాలెరా అల్లుడా. ఏదన్న కారితే ఫస్టు వాని ముక్కుకే తెలుస్తది, అంటుకుంటె ఫస్టు వానికే అంటుకుంటది. గట్లుంటెనే మనిషి జర ఒళ్లు దగ్గర పెట్టుకొని నడుపుతడు." నాకు అది పాతకాలపు చాదస్తంగా తోచేది. నా చేతిలో పని ఉంది, ఆ పని నలుగురికీ చూపించాలన్న దురద కూడా ఉంది, ఆయన ముక్కు గురించి నాకేం పట్టింది?

డెబ్బైల నడుమ, భూపాలపల్లి అడవిలో బొగ్గు ఉందేమోనని బోర్లు వేసి చూసే ఒక క్యాంపు వాళ్లు మా జీపును కిరాయికి పెట్టుకున్నారు. క్యాంపుకూ తారురోడ్డుకూ మధ్య రెండు వాగులు, నిండా మొద్దులూ రాళ్లూ ఉన్న బండ్లబాట, దగ్గరలో బంకు అన్న మాటే లేదు. ఇక మామకు అడ్డు చెప్పడానికి దారి లేకపోయింది. దళసరి రేకు తెచ్చి, నా చేతులతో కోసి, మడిచి, వెల్డింగు చేసి, వెనక సీటు కింద ఛాసిసు పట్టీల నడుమ పెద్ద ట్యాంకు వేలాడదీశాను. ముందరి దాకా రాగి గొట్టం లాగాను. పాత ట్యాంకు చోటు ఖాళీ చేసి పానలూ సుత్తెలూ ఉండే పనిముట్ల పెట్టె పెట్టాను. మామ దాన్ని చుట్టూ తిరిగి చూసి, అతుకు మీద గోరుతో గీకి, పని బాగుందన్నాడు, చోటు మాత్రం బాగాలేదన్నాడు. అప్పటి నుంచి వెనక కూర్చున్నప్పుడల్లా వాసన, వాసన అని గొణుగుతూనే ఉండేవాడు. మూత దగ్గర ఎంతో కొంత వాసన రావడం మామూలే కాబట్టి నేను ఆ గొణుగుడుకు అలవాటు పడిపోయాను.

వానలు మొదలవడానికి కొద్దిగా ముందు ఒక మోడు తగిలి ట్యాంకు అతుకు వెంట్రుకంత విచ్చుకుంది. పెట్రోలు ట్యాంకుకు నిప్పు చూపించడం ఆషామాషీ కాదు. ట్యాంకు దించి, చాకలి సోడా నీళ్లతో కడిగి, మూడుసార్లు నిండా నీళ్లు పట్టి పారబోసి, మూత తీసి రెండు రోజులు ఎండలో పెట్టి, వాసన పూర్తిగా పోయిందనుకున్నాకే మా షెడ్డులో మంట దగ్గరికి తెచ్చేవాళ్లం. నాకు అంత ఓపిక లేకపోయింది. దారిలో ట్యాంకు కారితే ఆ పూటకు అందరూ చేసే పనే నేనూ చేశాను. బట్టల సబ్బు ముక్కను మెత్తగా పిసికి పగుల్లోకి దట్టించాను. పెట్రోలుకు సబ్బు కరగదు. సీటు కింద ట్యాంకు ఉన్న రోజుల్లో మామ పెట్టిన సబ్బు నెలల తరబడి నిలిచేది, ఆ పని నాకు నేర్పింది కూడా ఆయనే. అయితే ఆ ట్యాంకు ఎత్తులో ఉండేది, వాగు నీళ్లు దాన్ని ఎన్నడూ తాకలేదు. నేను కట్టిన ట్యాంకు కిందికి వేలాడుతున్నది, నీళ్లలో దిగితే ముందు తడిసేది అదే. సబ్బు నీళ్లలో కరుగుతుందని పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. నాకు తట్టలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు నా మీద చెప్పలేనంత కోపం వస్తుంది.

వానలు పడ్డాక ఒక పొద్దున, క్యాంపులో లారీ నుంచి బోరు పైపులు దించుతుండగా ఒకటి జారి మామ కాలి మీద పడింది. మోకాలి కింద ఎముక నలిగిపోయింది, రక్తం ఆగడం లేదు. పైన తువాలు బిగించి కట్టి, జీపు వెనక పడుకోబెట్టి, వరంగల్లు దవాఖానకని నేను బయలుదేరాను. మొదటి వాగు నీళ్లు చక్రాలు మునిగేదాకా ఉన్నాయి, దాటాం. రెండోదీ దాటాం. బతికించావు దేవుడా అనుకున్నాను. అప్పుడు వెనక నుంచి మామ, "అల్లుడా, వాసనొస్తుంది" అన్నాడు. మామూలే మామా, జర ఓపిక పట్టు అన్నాను. కొంత దూరం పోయాక మళ్లీ అన్నాడు. నొప్పితో మాట్లాడుతున్నాడు, పాత పాటే పాడుతున్నాడు అనుకొని వెనక్కి తిరిగి కూడా చూడలేదు. మూడోసారి, "ఆపి చూడుర బిడ్డా" అన్నాడు. ఆ గొంతు నాకు ఇంకా వినిపిస్తుంది. నేను ఆపలేదు, ఇంకా తొక్కాను. కాసేపటికి ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయింది.

దిగి కిందికి చూస్తే పగులు నోరు తెరుచుకొని ఉంది, సబ్బు జాడ లేదు, ట్యాంకులో అడుగున ఉన్నది కూడా వాగు నీళ్లే. మొదటిసారి అన్నప్పుడే ఆపి ఉంటే, చొక్కా చింపి దూర్చయినా సరే, మిగిలిన పెట్రోలుతో తారురోడ్డు ఎక్కేవాళ్లం. దూరంగా కనిపించిన తండాకు పరుగెత్తాను. లంబాడా వాళ్లు దున్నుతున్న ఎడ్లను విప్పుకొచ్చి బండి కట్టారు. ఒక ముసలమ్మ తానూ బండెక్కి, మామ తల ఒళ్లో పెట్టుకొని తారురోడ్డు దాకా వాళ్ల భాషలో ఏదో చెబుతూనే ఉంది, ఈయన తెలుగులో ఊఁ కొడుతూనే ఉన్నాడు. వానలో ఎడ్లబండి నడక ఎంతో, అక్కడ లారీ దొరికేసరికి ఎంత పొద్దు పోయిందో మీరే ఊహించుకోండి. కొన్ని గంటల ముందు తెచ్చి ఉంటే కాలు దక్కేదేమోనని దవాఖానలో డాక్టరు నాతో అన్నాడు. పక్కన ఎవరూ లేరు. ఆ మాట విన్నది నేనొక్కణ్నే, దాన్ని నేను ఎవరికీ చెప్పలేదు.

మామ చంకకర్రతో తిరిగొచ్చాక చేయించిన మొదటి పని ఆ ట్యాంకు దింపించడం. నేను సోడా నీళ్లతో కడుగుతుంటే తాను పీట మీద కూర్చొని చూశాడు. మూడుసార్లు నీళ్లు పట్టించాడు, రెండు రోజులు ఎండబెట్టించాడు. ఆ రేకునే కోసి చిన్నగా చేయించి, మళ్లీ డ్రైవరు సీటు కిందికి ఎక్కించాడు. కాలు ఎట్లా పోయిందని ఎవరు అడిగినా, పైపు పడ్డది, పోయింది అనేవాడు, అంతే. ఆ మరుసటి ఏడు తన బిడ్డను నాకిచ్చి పెళ్లి చేశాడు. ఎనభైల చివర ఆయన పోయేదాకా ఆ షెడ్డులో ఇద్దరం కలిసే పని చేశాం, ఆ తరువాతే నేను జనగామకు వచ్చేశాను. తప్పు నాది మామా అని చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్క లేదు, నోరు రాలేదు.

మొన్న అన్నాలయ్యాక మనుమరాలు వదలకుండా అడిగితే, ఇన్నేళ్లకు ఇదంతా చెప్పాను. నా భార్య పక్కనే కూర్చొని చిక్కుడుకాయలు తుంచుతూ ఉంది. ఆమె నన్ను అసహ్యించుకుంటుందేమోనని మనుమరాలి వైపే చూస్తూ చెప్పాను. ఆమె తల ఎత్తకుండానే అన్నది: "గది నాకు పెండ్లికి ముందే తెలుసు బావా. నాయిననే చెప్పిండు, 'సబ్బు పెట్టుడు వానికి నేనే నేర్పిన, నీళ్లల్ల ఆగదని చెప్పుడు మరిచిన, తప్పు నాదే, వాన్ని ఎన్నడు అడగకు' అన్నడు. అందుకే అడగలే."

ఆ తరువాత మనుమరాలు ఫోనులో ఆ దారి తీసి చూపించింది. రెండు వాగుల మీదా వంతెనలు ఉన్నాయి, బండి నీళ్లలో దింపాలంటే వీళ్లు పనిగట్టుకొని వంతెన పక్కనుంచి కిందికి దిగాలి. ఇప్పటి ట్యాంకు ఎక్కడున్నా వాసన రాదు, లోపల ఎంత ఉందో ఎదురుగా దీపం చెబుతుంది. మంచిదే, ఏ మనిషీ మా మామలాగా మూడుసార్లు చెప్పనక్కర లేదు. అయినా వెళ్లేటప్పుడు, వెనక కూర్చున్నవాళ్లు ఏమన్నా అంటే బండి ఆపి విను బిడ్డా అన్నాను. సరే తాతా అన్నది, ఈసారి నవ్వలేదు. బండి మలుపు తిరిగాక గడప దగ్గర కూర్చున్నాను. అన్నేళ్లూ మామా నేనూ ఒకే చూరు కింద, ఒకే తప్పును తనదంటే తనదని ఎవరికి వాళ్లం దాచుకొని, ఆ పాన ఇటియ్యి, ఈ పాన పట్టుకో అనుకుంటూ బతికాం, ఆ ఒక్క మాట తప్ప అన్నీ మాట్లాడుకున్నాం.