తలుపు తీయకు తల్లీ

మా పిన్నికి ఇంగ్లీషు రాదు. అయినా ఆవిడకు ప్రాణమైన సినిమా ఒక పాత ఇంగ్లీషు హత్యల సినిమా. అడవిలో చెరువు పక్కన వేసవి శిబిరం, అక్కడికి వచ్చిన కుర్రకారు, చీకట్లో కత్తి పట్టుకుని తిరిగే ఒకడు. ఒక్కొక్కరే ఒంటరిగా బయటికి వెళ్తారు, చస్తారు. కథంతా అంతే. నా చిన్నప్పుడు బాబాయి తెనాలిలో ఆ సీడీ కొన్నాడు. అప్పటినుంచి ప్రతి వేసవిలోనూ రేపల్లెలో వాళ్లింట్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఎండకు కిటికీలు మూసి, చాపలు పరిచి, అదే సినిమా చూసేవాళ్లం.

ఎవరు ఎక్కడ పోతారో మాకు కంఠతా వచ్చు. అయినా పిన్ని ఊరుకునేది కాదు. "అమ్మాయ్, ఆ తలుపు తీయకు తల్లీ" అని తెర మీది పిల్లను బతిమాలేది. లాంతరు పట్టుకుని బయల్దేరినవాణ్ణి నాయనా అని పిలిచి మరీ ఆపబోయేది. వాళ్లకు నీ తెలుగు అర్థమై చావాలి కదా అని బాబాయి ఆటపట్టించేవాడు.

"చెప్పాల్సింది చెప్పాలి కదండీ" అనేది పిన్ని.

ఇలాంటి సినిమాల మీద అభిమానులు నెట్‌లో రాసుకునేవి నేను చదువుతుంటాను. భయపడటమే సరదా అంటారు కొందరు. చివరికి బతికి బయటపడే అమ్మాయి కోసం చూస్తామంటారు ఇంకొందరు. రక్తం టమాటా పచ్చడిలా ఉందని మురిసిపోయేవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం చాప మీది అరుపులే ఇష్టం. వినరని తెలిసి కూడా ప్రతిసారీ మనసు ఊరుకోదు చూడండి, ఆ వెర్రి నాకు చాలా ముద్దుగా ఉంటుంది.

పోయిన శీతాకాలం బాబాయి పోయాడు. పొద్దున్నే ఛాతీలో మంటగా ఉందంటూనే, చెరుకుపల్లి దగ్గర పొలానికి కోత మిషన్ వస్తుందని బండి తీశాడు. మళ్లీ ఇంటికి రాలేదు. గట్టిగా చెప్పి ఆపాల్సిందని పిన్ని కుమిలిపోయింది. ఎవరు ఓదార్చినా అదే మాట. తర్వాత ఆ మాట కూడా మానేసి, అసలు మాట్లాడటమే తగ్గించింది. ఆవిడ కూడా మాకు దక్కదేమోనని నాకు భయం వేసింది.

ఈ వేసవిలో రేపల్లె వెళ్తూ ఆ సినిమాను పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను. మనిషి పోయిన ఇంట్లో చంపుకునే సినిమా ఏంటని బాపట్ల నుంచి అమ్మ ఫోన్లో చీవాట్లు పెట్టింది. నిజమేననిపించి, తీసుకెళ్లి కూడా బయటికి తీయలేదు. భోజనాలయ్యాక పిన్నే కిటికీలు మూసి చాప పరిచింది. అప్పుడు పెన్‌డ్రైవ్ తీసి టీవీకి పెట్టాను.

సినిమా నడుస్తున్నా ఆవిడ నోరు విప్పలేదు. తలుపు దగ్గరికి వచ్చేసరికి ఉండబట్టలేక నేనే తీయకు తల్లీ అన్నాను. నా గొంతు నాకే ఎబ్బెట్టుగా వినిపించింది. ఆ అమ్మాయి ఎప్పటిలాగే తీసింది.

పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"ఇన్నేళ్లూ ఎంత గట్టిగా అరిచానే. ఒక్కళ్లయినా ఆగారా?"

లేదన్నాను.

"మీ బాబాయికీ చెప్పానే. గేటు దాకా వెనకాలే వెళ్లి చెప్పాను."

నా భుజం మీద తల పెట్టి చాలాసేపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఈలోగా తెర మీద లాంతరు వెలిగింది. పిన్ని కొంగుతో కళ్లు తుడుచుకుని ముందుకు వంగింది.

"ఒంటరిగా వెళ్లకురా నాయనా" అంది.