వీపున సంచీ, కడుపులో మంట

బావగారికి ఆకలైనా పూట తప్పుతుందేమో గాని, కుళ్ళు మాత్రం తప్పదు. పక్కింటి కుక్క తోక తమ కుక్కకన్నా బాగా ఊపుతోందని ఒక ఆదివారమంతా ముభావంగా గడిపిన మనిషి ఆయన. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఏ మేడకి వెళ్ళినా ఆ ఇంటి గాలి, ఆ కిటికీ, చివరికి గుమ్మం పక్కన చెప్పుల స్టాండు కూడా చూసి నిట్టూర్చేవారు. దాచుకోవడం తెలియదు. "మీకేమండీ, అదృష్టవంతులు" అని మొహం మీదే ఏడ్చేవారు. అందుకే ఆయనంటే అందరికీ ఇష్టం. అంత మనస్ఫూర్తిగా కుళ్ళుకునేవాడు దొరికితే ఎవరికి మాత్రం చేదు?

అలాంటి మనిషితో దేశాలు తిరగాలని బావమరిది నుదుట రాసిపెట్టి ఉంది. అతను కట్టుడు పళ్ళు తయారు చేస్తాడు. నెమ్మదస్తుడు. కుదిరిన సంబంధాన్ని, "అబ్బాయి మరీ చప్పగా ఉన్నాడు" అని అమ్మాయి వద్దనుకుంది. అప్పట్నించి అతను చేసిన పళ్ళైనా కదిలాయేమో గాని, అతని నోరు కదలలేదు. అక్క చూసి చూసి, తనకి సెలవు దొరక్కపోయినా, మొగుడి వీపుకీ తమ్ముడి వీపుకీ చెరో సంచీ తగిలించి విమానం ఎక్కించింది.

విమానంలోనే మొదలైంది.

"కిటికీ సీటు నీకొచ్చిందేం?"

"మీరు కూర్చోండి బావా."

"వద్దులే. నేనిక్కణ్ణించి కుళ్ళుకుంటాను."

మొదటి నగరంలో మబ్బుల్లోకి దూరిపోయిన మేడ ఒకటి ఎక్కారు. జనమంతా అద్దాలకి ముక్కులానించి ఊరు చూస్తుంటే, బావగారు లిఫ్టు తలుపు నిమురుతూ నిలబడిపోయారు. "చప్పుడేమైనా వినిపిస్తోందా? దీన్ని చూసుకునే మెకానిక్కు ఎంత పెట్టి పుట్టాడో." 

చవక బసలో అంతా ఒకే గది, ఒకదాని మీద ఒకటి మంచాలు. బావమరిదికి పై మంచం వచ్చిందని కుళ్ళుకున్నారు. మార్చుకున్నాక, కింది మంచం వాడు ఎంత హాయిగా దిగిపోతున్నాడోనని కుళ్ళుకున్నారు. రెండో నగరంలో నది మీద దీపాల పడవెక్కితే, పక్క పడవలో దిళ్ళు మెత్తగా ఉన్నాయి. తమ పడవలో పాటలకి చిందులేస్తున్న ఓ ముసలావిడ వచ్చి బావమరిది చెయ్యి పట్టి లాగింది. అతను సిగ్గుపడి సంచీ వెనక దాక్కున్నాడు.

"నన్ను లాగలేదు చూశావా" అన్నారు బావగారు. ఆ మాటలో రోజూ ఉండే మంట లేదు. బావమరిది అది గమనించలేదు.

మూడో నగరంలో ఓ సాయంత్రం పాటల హోటలుకి వెళ్ళారు. ఎవరైనా సరే వేదికెక్కి మైకు పట్టుకోవచ్చు. బావగారి గొంతు సామాన్యమైంది కాదు. పెళ్ళిళ్ళలో ఆయన పాటందుకుంటే వంటవాళ్ళు గరిటెలు ఆపేసేవారు. ఇంకెవరైనా బాగా పాడిన రోజున ఆయనకి అన్నం సహించదు.

ఆ సాయంత్రం ఆయన పాడుతుంటే శ్రుతి ఒక దారి పట్టింది, ఆయనొక దారి పట్టారు. చరణం మధ్యలో దగ్గు. జనం నవ్వారు.

"చల్లటిది తాగాను, గొంతు పట్టేసింది" అంటూ దిగి వచ్చారు. "వెళ్ళు, నువ్వు పాడు. నాకన్నా ఘోరంగా ఎవరూ పాడలేరు గనక నీకేం భయం లేదు."

ఆ ధైర్యంతోనే లేచాడు బావమరిది. మొదటి చరణం నేలకేసి చూస్తూ పాడాడు. తర్వాత నిలదొక్కుకున్నాడు. భాష తెలియని జనం చప్పట్లు కొట్టి, బల్లలు చరిచి, మళ్ళీ పాడమన్నారు. పసుపు చొక్కా ఆయనొకడైతే లేచి నిలబడి మరీ కొట్టాడు. దిగాక పక్క బల్లవాళ్ళు పిలిచి కూర్చోబెట్టుకున్నారు. కట్టుడు పళ్ళు ఎలా అచ్చు పోస్తారో అతను చేతులూపుతూ వచ్చీరాని ఇంగ్లీషులో వివరిస్తుంటే, వాళ్ళు వంతులవారీగా నోళ్ళు తెరిచి చూపించి సలహాలడిగారు.

బావగారు మూల కూర్చుని మొహం మాడ్చుకున్నారు.

"ఏం బావా, కుళ్ళా?"

"కుళ్ళు కాదు. మంట."

మర్నాడు పొద్దున్నే బావమరిది బ్రష్షు పట్టుకుని బసలో స్నానాల గదుల దగ్గరికి వెళితే, తువ్వాళ్ళు భుజానేసుకున్న జనం వరసలో కదలకుండా నిలబడి ఉన్నారు. లోపల్నించి పాట. నిన్న కుంటిన అదే చరణం, వంటవాళ్ళు గరిటెలాపే గొంతుతో.

తలుపు తెరుచుకుంది. బావగారు తువ్వాలుతో బయటికొచ్చి, బావమరిదిని చూసి ఆగిపోయారు.

"గొంతు బాగుపడిందా బావా?"

"వేడినీళ్ళకి... కాస్త."

"నిన్న కూడా బాగానే ఉంది కదూ?"

బావగారు కాసేపు చెవి తుడుచుకున్నారు. "ఒరేయ్, ఆ చప్పట్లు నావిరా. పసుపు చొక్కా ఆయన లేచి నిలబడి మరీ కొట్టాడే, అవైతే పూర్తిగా నావి."

"మరి వదులుకున్నారేం?"

"ఏం చెయ్యను? ఆ సంబంధం తప్పాక నీలో కుళ్ళుకోవడానికేమీ మిగల్లేదు. నాకు భయమేసింది. కిటికీ సీటు, పై మంచం పట్టుకుని ఎన్నాళ్ళని లాక్కురాను?"

బావమరిది బ్రష్షు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"అలాంటి గొంతు నాకు ఎన్ని జన్మలెత్తినా రాదు బావా. నిజం చెప్పాలంటే, మిమ్మల్ని చూస్తే కుళ్ళుగా ఉంది."

లోకాన్నంతా చూసి ఏడ్చిన బావగారిని చూసి ఏడ్చిన పాపాన అంతవరకూ ఒక్కరూ పోలేదు. ఆయన మొహం చేటంత అయింది.

"ఏదీ, మళ్ళీ అను" అన్నారు తువ్వాలు బిగించుకుంటూ. "కాస్త గట్టిగా. వీళ్ళందరికీ వినపడేలా."