సూర్యలంక ఒడ్డున చివరి తడికల గది

మా పెద్దమ్మకు సముద్రమంటే భయం లేదు. స్నానమయ్యాక తడిచీర ఎక్కడ మార్చుకోవాలన్నదే ఆమె బెంగ. ఆ బెంగతోనే ఏటా కార్తీక స్నానం వాయిదా వేస్తూ వచ్చింది. ఈసారి నేను మొండిపట్టు పట్టి బయల్దేరదీశాను. తెల్లవారుజామున నరసరావుపేటలో బస్సెక్కి, చిలకలూరిపేటలో మారి, బాపట్లలో దిగేసరికి ఎనిమిది దాటింది. అక్కడి నుంచి సూర్యలంకకు షేరింగ్ ఆటోలో మనిషికి ముప్పై రూపాయలు తీసుకున్నారు.

"బట్టలు మార్చుకునే గదులున్నాయా బాబాయ్?" అని ఆటో డ్రైవర్‌ను అడిగాను.

"రిసార్టులో దిగినోళ్ళకైతే ఉన్నయ్యమ్మా. బయటోళ్ళకి రత్తమ్మ తడికల గదొక్కటే. ఈ కార్తీకం అయిపోతే అదీ ఎత్తేస్తదంట."

వెళ్ళి చూస్తే ముచ్చటేసింది. తాటాకు తడికలు, ఊడ్చిన ఇసుక, గోలెం నిండా మంచినీళ్ళు, తడికకు ఒక అద్దం. రత్తమ్మ పాతచీర అంచు చించి ఒక పీలిక పెద్దమ్మ బట్టల మూటకు, అదే రంగు పీలిక ఆమె మణికట్టుకు కట్టింది. ఎంతమంది వచ్చినా మూటలు తారుమారు కావు. ఈ పద్ధతి వాళ్ళత్తగారి నాటిదట. అప్పట్లో పల్నాడు జనం ట్రాక్టర్ల మీద దిగేవారట, ఒడ్డు పొడవునా ఇలాంటి గదులే, వాటి వెనక మంచినీళ్ళ బావి, ఇడ్లీ పాకలు. తర్వాత జనం కార్లలో వచ్చి రిసార్టుల్లో దిగడం మొదలుపెట్టారు. గాలివానకు పడిన పాకను మళ్ళీ నిలబెట్టే ఓపిక ఎవరికీ లేకపోయింది.

పెద్దమ్మ మూడు మునకలు వేసి, మంచినీళ్ళు పోసుకుని, పొడిచీరలో పెళ్ళికూతురిలా బయటికొచ్చింది. "చానా హాయిగా ఉందే! నువ్వు రోజూ మునుగుతావా ఏంది రత్తమ్మా?"

"నేనేడ మునిగేది అక్కా? కాపరానికొచ్చిన కాణ్ణించి కార్తీకంలో ఒక్క మునకా లేదు. ఈ మూటలెవురు చూస్తారు?"

పెద్దమ్మ స్టూలు లాక్కుని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "నేను చూస్తాగా. పో."

రత్తమ్మ నాలుగడుగులు వేసి వెనక్కి చూసింది, మళ్ళీ నడిచింది. మోకాళ్ళ లోతుకు వెళ్ళాక మాత్రం వెనక్కి చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ ఇంతమంది ఆడవాళ్ళు నిశ్చింతగా మునిగారంటే, ఒడ్డున ఒక మనిషి పొడిగా నిలబడి ఉండబట్టే కదా!

వెళ్ళాలనుకునేవారికి ఒక్క సలహా. ఆదివారం రద్దీ తప్పించుకుని, ఈ కార్తీకం వెళ్ళిపోకముందే వెళ్ళండి. మీలో ఒకరు కాసేపు ఆ స్టూలు మీద కూర్చోండి. రత్తమ్మ ఇంకో మునక వేస్తానంది.