పెరటికి తీసిన కొలతలు

టైలరమ్మ పెరట్లో జారిపడ్డ రోజే కూతురు తేల్చి చెప్పేసింది. "ఆదివారం మేస్త్రీని తీసుకొస్తున్నా. పెరడంతా సిమెంటే. ఇంకోసారి పడ్డావంటే నావల్ల కాదమ్మా!"

సిమెంటా! టైలరమ్మకి అన్నం సయించలేదు. కళ్లు మసకబారి మిషను మూలపెట్టాక ఆవిడ ఊసులన్నీ వంగమొక్కలతోనే. సిమెంటుతో ఏం మాట్లాడుతుంది?

ఆదివారంలోగా పెరటినే తమ ఒంటికి సరిపడేలా మార్చేయాలని మొగుడూ పెళ్లాలు నడుం బిగించారు. ఆయన ఒకప్పటి బస్సు డ్రైవరు. పాతసామాన్ల కొట్టు నుంచి, బస్సుల్లో జనం పట్టుకుని నిలబడే కడ్డీలు మోయించుకొచ్చి పెరటి దారి పొడుగునా పాతాడు. నాచు గీకి గరుకు పలకలు పరిచాడు. ఇక వంగక్కర్లేకుండా మడిని ఇటుకలతో ఎత్తుగా కట్టాలి. ఎంత ఎత్తో కొలవడానికి టైలరమ్మ టేపు తీసింది.

అదిగో, అక్కడే కొంప మునిగింది. టేపు కనబడగానే ఆయన అలవాటుగా ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని, పెళ్లికొడుకులా నిలబడ్డాడు. ఈవిడేం తక్కువా? పెరిగే పిల్లల గౌన్లకి వదిలినట్టు జానెడు ఎక్కువ వేసింది. శనివారానికి మడి ఆయన రొమ్ముదాకా, ఆవిడ గడ్డందాకా లేచింది.

"మడి కాదే ఇది, కోటగోడ! శత్రువులొస్తే ఇక్కణ్ణించే చూడొచ్చు" అన్నాడాయన. ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

"సరే, ఊపిరి వదిలి మామూలుగా నిలబడండి."

వదిలాడు. భుజాలు జారాయి. ఎప్పుడూ బిగబట్టిన మనిషినే కొలిచింది గానీ, ఇంత కుంగిపోయాడని ఆవిడకి తెలియనే లేదు.

"ఎవరండీ ఈ పొట్టాయన? మా ఆయన్నేం చేశారు?" అంటూ కళ్లు తుడుచుకుంది.

"నువ్వేమన్నా పెరిగావా?" అని టేపు లాక్కుని ఆయన ఆవిణ్ణి కొలిచాడు.

పొడుగైతే కత్తిరించడమేగా! సిమెంటు గట్టిపడకముందే పై వరసలు ఊడదీసి, ఆ ఇటుకలతో పక్కనే కూర్చోడానికి అరుగు కట్టారు.

ఆదివారం కూతురు మేస్త్రీతో సహా విసవిసా వచ్చింది. ఎత్తుమడమల చెప్పులు. మలుపులో కాలు మడతపడి, చటుక్కున కడ్డీ పట్టుకుంది. కడ్డీ ఊగింది గానీ ఊడలేదు.

"గట్టిగా పట్టుకోమ్మా, మలుపొస్తోంది!" అని కేకేశాడు తండ్రి.

నవ్వాపుకోలేక, కడ్డీ పట్టుకునే అరుగుదాకా వెళ్లి కూలబడింది. ఎదురుగా అమ్మ, నడుం వంచకుండా, మడిలో వంగమొక్క నాటుతోంది. కూతురు ఆ మడినీ, కాళ్లకింది గరుకు పలకల్నీ చూసింది.

"సిమెంటు ఎక్కడ కలపమంటారు?" అన్నాడు మేస్త్రీ.

"ఇదిగో, ఈ కడ్డీ మొదట్లో పొయ్యండి, ఊగుతోంది. అంతే చాలు." తల్లి వైపు తిరిగింది. "ఈ అరుగు నాకు పొట్టిగా ఉందమ్మా. నాకూ ఒకటి కట్టించు."

టైలరమ్మ టేపు తీసింది. కూతురు లేచి, పొట్ట లోపలికి లాక్కుని, నిటారుగా నిలబడింది.

"ఊపిరి వదలవే" అంది అమ్మ.