టాపెట్ల చప్పుడు

మామగారి చెవులు పూర్తిగా పోయాక ఆయన మోటారుసైకిళ్ళు బాగుచేసే షెడ్డులో చెవుల పని కోడలి మీద పడింది. ఎవరూ అప్పగించిన పని కాదు. ఒకరోజు టీ ఇచ్చి వెళ్దామని వచ్చింది. ఎదురుగా ఒక బండి గొంతు కోసినట్టు కీచుమంటోంది. మామగారు మాత్రం చేతులు తుడుచుకుంటూ, "ఇక చూస్కో, వెన్నపూసలా వెళ్తుంది" అంటున్నారు. బండి యజమాని నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. గ్లాసు కింద పెట్టి ఆయన పక్కనే కూర్చుంది.

ఆ షెడ్డులో ఇంజను భాగాల మధ్య సందులు కొలిచే రేకులు ఎప్పుడూ లేవు. అవసరం రాలేదు. మిగతా మెకానిక్కులు ఇంజను విప్పి వెతికే రోగాన్ని ఆయన విప్పకముందే చెవితో పట్టుకునేవారు. ఇప్పుడు ఇంజను మీద చెయ్యి వేస్తే వణుకు తెలుస్తుంది. అది ఏ వణుకో తెలియదు.

ఆమె భర్త కరెంటు మీటర్లు చదివే ఉద్యోగి. తండ్రికి ఎదురుగా నిలబడి, పెదాలు బాగా కదుపుతూ చెప్పాడు.

"ఇంకొక్క బండి వెనక్కొచ్చిందంటే షెడ్డు అద్దెకిచ్చేస్తా నాన్నా. సెల్‌ఫోన్లవాడు ఎప్పట్నుంచో అడుగుతున్నాడు."

"నువ్వు తిన్నావా?" అన్నారాయన.

అర్థమైంది కనకే అలా అన్నారని ఆమెకు తెలుసు.

మర్నాటి నుంచి పాఠాలు మొదలయ్యాయి. ఇంజను నడుస్తుంటే ఆమె వినాలి. విన్నదాన్ని ఆయన అరచేతి మీద వేళ్ళతో కొట్టి చూపించాలి. ఆయన పేరు చెబుతారు.

"గోరుతో గిన్నెని కొట్టినట్టుంటే వాల్వుల్ని నొక్కే టాపెట్లు. డబ్బాలో గులకరాళ్ళు కదిలినట్టుంటే చైను. లోపలెవరో సుత్తితో తలుపు బాదుతున్నట్టుంటే పిస్టను."

"అప్పుడేం చెయ్యాలి మామయ్యా?"

"దండం పెట్టి పక్క షెడ్డుకి పంపించెయ్."

మొదట్లో ఆమె అన్నీ తప్పే విన్నది. ఒకసారి అరచేతి మీద ఆమె కొట్టి చూపిన చప్పుడు కోసం ఆయన పూటంతా ఇంజను తడిమారు. చివరికి చూస్తే ఊడొచ్చిన నంబరు ప్లేటు. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. ప్లేటు బిగించి, "వినికిడి మంచిదే, తెలివే కాస్త తక్కువ" అన్నారు. ఆమె దాన్ని మెప్పుగానే తీసుకుంది.

అప్పటికి నమ్మకంగా వచ్చేది రొట్టెలాయన ఒక్కడే. పాత బండికి రెండు పక్కలా బుట్టలు కట్టి కొండ అవతలి దుకాణాలకు రొట్టెలు వేస్తాడు. ఆ మోడల్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. బండిని అతను తాతగారు అంటాడు.

"చెల్లెమ్మా, తాతగారు పళ్ళు కొరుకుతున్నారు. కాస్త చూడండి."

ఆమె వంగి విన్నది. అరచేతి మీద కొట్టింది. గోరు, గిన్నె. మామగారి ముఖం వెలిగింది. ఇంజను ఆపి, చల్లారనిచ్చి, పైమూత తీసి, టాపెట్ స్క్రూ కొంచెం బిగించారు. మూత పెట్టి స్టార్టు చేశారు.

"ఉందా?"

"ఉంది."

మళ్ళీ ఆపారు. మళ్ళీ తిప్పారు.

"ఇప్పుడు?"

"కాస్త ఉంది మామయ్యా. సన్నగా."

ఇంకొంచెం తిప్పారు. ఆమె చెవి ఇంజనుకు తగిలేంత దగ్గరగా పెట్టి, తల ఎత్తి ఆయన్ను చూసింది.

"లేదు. ఇసుమంత కూడా లేదు."

"మేస్త్రీగారి కోడలా మజాకా!" అన్నాడు రొట్టెలాయన. బండి వీధి మలుపు దాకా చప్పుడు లేకుండా వెళ్ళింది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె ఈ సంగతి భర్తకు రెండుసార్లు చెప్పింది.

ఆ వారమైనా గడవలేదు. రొట్టెలాయన బండిని తోసుకుంటూ వచ్చాడు. బుట్టలు నిండుగానే ఉన్నాయి. కొండ ఎక్కుతుంటే లాగడం తగ్గిందట, సైలెన్సర్‌లో టపటపా పేలిందట, ఆగిపోయిందట.

"కిక్కు నొక్కితే కాలు బురదలోకి దిగినట్టు దిగిపోతోంది మేస్త్రీగారూ."

మామగారు చేత్తోనే కిక్కు నొక్కి చూశారు. ఇంజను హెడ్డు విప్పారు. పొగ బయటికి పోయే వాల్వు అంచు ఎలుక కొరికినట్టు ఒకచోట కాలి ఊడిపోయింది. దాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు.

"ఆ రోజు చప్పుడు ఎంత మిగిలింది అమ్మాయీ?"

ఆమె ఆయన ముందుకు వచ్చి చెప్పింది. "ఏమీ మిగల్లేదు. అంతా పోయింది."

"కొంచెం ఉండాలి. వేడికి వాల్వు సాగుతుంది. సందు లేకపోతే పూర్తిగా మూసుకోదు. మూసుకోకపోతే ఇదిగో, ఇలా కాలుతుంది."

"మీరు చెప్పలేదు కదా."

అప్పటికే ఆయన మళ్ళీ వాల్వును చూస్తున్నారు. ఆమె పెదాలు చూడలేదు. ఆమె రెండోసారి అనలేదు. ఆయనకు మాత్రం చెప్పాలని ఎలా తోస్తుంది? అంతకాలం ఆ సన్నటి చప్పుడు దగ్గర ఆయన చెయ్యి దానంతటదే ఆగేది. ఆపుతున్నది చెవి అని ఆయనకూ తెలిసి ఉండదు.

రొట్టెలాయన తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. ఆ వాల్వు ఎక్కడా లేదు.

"మరి రేపటి రొట్టెలెలా?" అంది ఆమె.

"మా తమ్ముడి సైకిలుంది. కొండెక్కదు లెండి." బుట్ట మీద కూర్చుని వాచీ చూసుకున్నాడు. "పోనీలేమ్మా. తాతగారికీ వయసైంది."

తిట్టినా బాగుండేది.

సాయంత్రం భర్త వచ్చాడు. విప్పి పడేసిన ఇంజనును, గోడకు ఆనించిన బుట్టలను చూశాడు. ఇంట్లోకి వెళ్ళి షెడ్డు కొలవడానికి టేపు తెచ్చాడు.

"ఏమోయ్, ఈ కొస పట్టుకో."

ఆమె చేతులు నూనెగా ఉన్నాయి. చీరకు తుడుచుకుని కొస పట్టుకుని గోడ దగ్గర నిలబడింది. అతను టేపు లాక్కుంటూ షట్టరు దాకా వెళ్ళాడు.

మామగారి వీపు వాళ్ళ వైపు ఉంది. ఆమె ఇంకా తన పక్కనే ఉందనుకుంటున్నారు.

"ఇటు చూడు అమ్మాయీ, అంచు నల్లగా లేదు, తెల్లగా ఉంది. తెల్లబడిందంటే బిగువెక్కువైందన్నమాట. ఈసారి బండి వచ్చినప్పుడు..."

"వదలకు," అన్నాడు భర్త షట్టరు దగ్గర్నుంచి. "గోడకి బాగా ఆనించు."

ఆమె ఆనించింది.