చింతపండు పెట్టి తోమిన రాగి సెంటు

మా ఇంట్లో మెటల్ డిటెక్టర్‌కి ఉన్న అసలు పేరు "ఆ దరిద్రం". పేరు పెట్టింది మా ఆవిడ. నేను మాత్రం దాన్ని "మిషను" అనేవాణ్ణి, అదీ ఇంటికొచ్చిన వియ్యంకుణ్ణి పలకరించినంత మర్యాదగా.

రెండువేల పది ప్రాంతం, అమెరికాలో మిషిగన్ రాష్ట్రం. ట్రాయ్‌లో మేమందరం కార్ల కంపెనీల నీడన బతుకుతున్నవాళ్లం. ఆ కంపెనీలేమో అప్పుడే పడి లేచి మోకాళ్లు దులుపుకుంటున్నాయి. సరిగ్గా అలాంటి కాలం చూసుకుని నేను, భూమిలో పాత నాణేలు వెతికే యంత్రం కొని తెచ్చాను. ధర చెప్పను. చెప్పాల్సిన చోట ఒకసారి చెప్పాను, ఆ అనుభవం చాలు.

పొడవాటి కర్ర, దాని చివర ఇడ్లీ ప్లేటంత తెల్లటి గుండ్రటి పళ్లెం. ఆ పళ్లాన్ని నేలకి ఆనీ ఆనకుండా తిప్పుతూ నడిస్తే, కింద లోహం ఉన్నచోట కుయ్యిమంటుంది. అంతే దాని విద్య. ఆ విద్యతో నేను ప్రపంచ చరిత్రని తిరగరాయబోతున్నానని నాకు గట్టి నమ్మకం.

నాతోపాటు ఇద్దరు మిత్రులు. ఒకడిది గుంటూరు, వాడు నన్ను బావా అంటాడు. ఇంకొకడిది వరంగల్, వాడు అన్నా అంటాడు. శనివారం శనివారం ముగ్గురం ట్రాయ్‌కి ఉత్తరాన గంట దూరంలో ఉన్న ఒక అడవికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లేవాళ్లం. అది ఒక అమెరికన్ పెద్దాయన సొంత అడవి. దాని నడుమ ఎప్పుడో కూలిపోయిన ఇంటి రాతి పునాది ఉంది. తవ్వుకోండి, తవ్వినచోట పూడ్చండి, చెత్త మాత్రం పడేయకండి అన్నాడాయన. మొదట్లో ఏం దొరికిందో చూడటానికి కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చునేవాడు. తర్వాత తర్వాత కుర్చీ మానేశాడు.

ఎందుకంటే దొరికేవన్నీ సోడా మూతలు, కోక్ టిన్నుల చెవులు. ఆ చెవులు ఎన్ని దొరికాయంటే, వాటన్నిటినీ గుచ్చి మా ఆవిడకి వడ్డాణం చేయించవచ్చు. ఆ మాట ఆవిడతో అన్నాను కూడా. వారమంతా నాకు ఉప్మాయే.

ఇక దోమలు. మిషిగన్ అడవి దోమ కుట్టదు, అపాయింట్‌మెంట్ లేకుండా ఆపరేషన్ చేసి కుట్లు వేసి పోతుంది. ఆ సైన్యాన్ని దాటుకుంటూ నడుస్తుంటే ఒకరోజు మిషను అంబులెన్సులా అరిచింది. ముగ్గురం మోకాళ్లమీద పడి తవ్వాం. ఉండ చుట్టిన అల్యూమినియం ఫాయిల్ బయటపడింది. దాని మడతల్లో ఒక కరివేపాకు, రెండు పల్లీలు. అంతకుముందు వారం మేం తిన్న పులిహోర పొట్లం అది.

"ఇది నువ్వు పాతిందే కదరా?" అన్నాను గుంటూరు వాడితో.

"చెత్త పడేయొద్దన్నాడు కదా బావా పెద్దాయన. అందుకే పాతా."

"మంచిగనే పాతినవ్ తియ్," అన్నాడు వరంగల్ వాడు. "ఇంకో వెయ్యేండ్లకు ఎవలకన్న దొర్కుతది. మ్యూజియంల వెడ్తరు."

ఈ పొట్లం సంగతి ఎలా పొక్కిందో గానీ ఇంటికి చేరింది. మా ఆవిడ మిషను రసీదు తీసి ఫ్రిజ్ మీద అంటించింది.

"ఈ ఆదివారం దాటితే షాపువాళ్లు రిటర్న్ తీసుకోరు. శనివారం ఒక్క పాత నాణెం తెండి. మీరు పాతదన్నా, మీ ఫ్రెండ్స్ పాతదన్నా ఒప్పుకోను. నాణేలు కొనే షాపాయన చూసి, విలువైనదనాలి. లేదంటే ఆదివారం సాయంత్రం ఆ దరిద్రం వెనక్కి వెళ్లిపోతుంది."

"ఓ మోస్తరు విలువైనదంటే?"

"బేరాలాడకండి."

ఆ శనివారం నేను అడవిలోకి, ఉరిశిక్ష రద్దు కోరుతూ కోర్టుకి వెళ్లేవాడిలా అడుగుపెట్టాను. మధ్యాహ్నం కావస్తుండగా, పునాది మూల, ఒక మేపుల్ చెట్టు వేళ్ల దగ్గర మిషను మోగింది. ఇది సోడా మూత కీచుగొంతు కాదు, వంటింట్లో స్టీలు గ్లాసు జారినట్టు ఖంగుమంది. తవ్వాం. మన పాత రూపాయి బిళ్లంత నాణెం, నల్లగా, పచ్చగా, కిలుం పట్టి ఉంది. ఏటవాలుగా పట్టుకుంటే కిరీటం పెట్టుకున్న ఒక ఆడమనిషి ముఖం లీలగా కనిపిస్తోంది.

గుంటూరు వాడు వీటి గురించి ఇంటర్నెట్ అంతా చదివినవాడు. నాణేన్ని దగ్గరగా చూసి అన్నాడు, "బావా, ఇది పాతకాలం రాగి సెంటు. అప్పట్లో సెంటు ఇంత ఉండేదంట."

"మీ దిక్కు సెంటంటే ఇల్లు కట్టుకునే జాగనుకుంటరు మీవోళ్లు," అన్నాడు వరంగల్ వాడు. "గీడ అరచేతుల వట్టింది."

"నవ్వులాట కాదు. బావా, తుడవకు. ఉఫ్ అని ఊదను కూడా ఊదకు. ఆ మకిలే దాని విలువ. మకిలి పోయిందా, నాణెం పోయినట్టే."

పెద్దాయనకి చూపించాం. ఆయన చాలాసేపు చూసి, నువ్వే ఉంచుకో, నీకు అవసరం అన్నాడు. మా ఆవిడ షరతు సంగతి అప్పటికే ఆయనకీ తెలుసు.

దూది పరిచిన మాత్రల డబ్బాలో నాణేన్ని పడుకోబెట్టి, పసిపిల్లని ఆస్పత్రి నుంచి తెచ్చినట్టు ఇంటికి తెచ్చాను. వంటింటి గట్టుమీద పెట్టాను. కడుపునిండా తిని కునుకు తీశాను. కలలో అమెరికా అధ్యక్షుడు నాకు శాలువా కప్పాడు.

ఆ వేసవి మా అత్తగారు మా ఇంట్లోనే ఉన్నారన్న సంగతి ఇక్కడ చెప్పాలి. రాగీ ఇత్తడీ మాసి కనిపిస్తే ఆవిడ ప్రాణం ఒప్పదు. వచ్చిన వారంలోనే మా ఇంటి తలుపు గుబ్బలన్నీ తోమి, వాటిల్లో మొహం చూసుకునేలా చేశారు.

"అల్లుడుగారూ, లేచారా?" అన్నారు. "అమ్మవారి బిళ్ల దొరికిందని చెప్పనేలేదు. కిరీటంతో సహా ఉంది తల్లి. ఎంత మురికండీ పాపం. పులిహోరకి నానబెట్టిన చింతపండంతా పెట్టి తోమితే గానీ ముఖం బయటపడలేదు."

ఆవిడ అరచేతిలో, ఆ పొద్దుటే అచ్చు పోసినట్టు నాణెం ధగధగలాడుతోంది. నుదుటిమీద కుంకుమ బొట్టు.

నేను గోడ పట్టుకున్నాను. గోడ కూడా కొంచెం తూలిందని నా అనుమానం.

బొట్టు తుడిచి, ఆ సాయంత్రమే నేనూ మా ఆవిడా నాణేల షాపుకి వెళ్లాం. ఆయన భూతద్దం కంటికి పెట్టుకుని, ఆత్మీయుల శవాన్ని చూసినట్టు చూశాడు.

"దీన్నెవరు కడిగారు?"

"మా అత్తగారు."

"దేనితో?"

"టామరిండ్‌తో."

"అది ఏ కంపెనీది?"

చెప్పాం. అది తినేదని తెలిసి ఆయనకి ఇంకా బాధేసింది. నాణెం పాతదే, కానీ ఇంత మెరిశాక ఎవరూ కొనరు అంటూ ఒక్క వేలితో నావైపు జరిపాడు.

కార్‌లో అన్నాను, "పాతదేనన్నాడుగా."

"విలువైనదన్నాడా?"

"అనేవాడే, మీ అమ్మ..."

"మా అమ్మ?"

"మీ అమ్మగారు చాలా బాగా తోమారు అంటున్నాను."

ఆదివారం సాయంత్రం దాకా నేను మిషను మొహం చూడలేదు. చూస్తే ఏడుస్తానని భయం. "మీకెందుకు బాబూ శ్రమ, నేను సర్దుతాను," అని అత్తగారే దాన్ని డబ్బాలో పెట్టి ఇచ్చారు. నేను మోశాను, మా ఆవిడ వెంట వచ్చింది. మిషను కొన్న షాపులో కౌంటర్ అమ్మాయి డబ్బా తెరిచి, గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

తెల్ల పళ్లెం నిండా దట్టంగా పసుపు. చుట్టూ కుంకుమ బొట్లు. కర్రకి దారంతో కట్టిన ఒక బంతిపువ్వు.

"ఇది రక్తమా?" అంది ఆ అమ్మాయి.

"నో నో, ఇట్స్ రెలిజియస్," అంది మా ఆవిడ.

ఆ అమ్మాయి మేనేజర్‌ని పిలిచింది. మేనేజర్ తడి టిష్యూతో తుడిచాడు. టిష్యూ పచ్చబడింది, పళ్లెం తెల్లబడలేదు. ఇంకో టిష్యూ. అదీ పచ్చబడింది. దీన్ని కొత్తదని చెప్పి ఇంకొకరికి అమ్మలేను, క్షమించండి అన్నాడు.

ఇంటికి రాగానే మా ఆవిడ డబ్బాని హాల్లో పెట్టి, "అమ్మా, ఆ మిషన్‌కి బొట్టెందుకు పెట్టావే?" అంది.

"కొత్త బండి కొంటే పెట్టమూ? ఇది అమ్మవారిని మోసుకొచ్చిందాయె. ఉత్తినే పంపిస్తామా?"

మా ఆవిడ తల్లిని వదిలి నావైపు తిరిగింది. నేను సీలింగు ఫ్యాను రెక్కల్ని ఎంతో భక్తిగా పరిశీలిస్తున్నాను.

సెంటు మా పూజ అలమరలో చేరింది. ఫోన్‌లో సంగతంతా విన్న వరంగల్ వాడు, "అత్తమ్మకు నా దండం జెప్పన్నా," అన్నాడు.

తర్వాతి శనివారం పొద్దున్నే నేను చప్పుడు చేయకుండా బూట్లు వేసుకుంటున్నాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నా చేతిలో పులిహోర పెట్టింది, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో.

"ఫాయిల్‌లో చుట్టలేదు," అంది. "మళ్లీ అది అరుస్తుంది."