ఎదురు దుకాణం అట్ట

జహీరాబాద్ చుట్టూ ఎటు చూసినా అల్లం చేలే. అయినా రోడ్డు మీది హోటళ్లలో అల్లం వేసిన చాయ్ అడిగితే మనిషిని ఎగాదిగా చూసేవారు. డెబ్బైల చివర బీఏ పూర్తిచేసి ఊరికి తిరిగొచ్చేనాటికి అదొక్కటే నా ఫిర్యాదు. రెండోది ఏడాది తిరక్కుండానే దొరికింది.

ఉద్యోగం రాలేదు. బొమ్మలు బాగా వేస్తానని పేరుండేది కనుక బొంబాయి రోడ్డు పక్కన లారీలకు రంగులు వేసే దుకాణం పెట్టాను. కొన్నాళ్లకు రోడ్డుకు అవతల, సరిగ్గా ఎదురుగా, అదే పనిచేసే దుకాణం ఇంకొకటి వెలిసింది. దాని యజమాని నా ఈడువాడే. ఏడో తరగతితో చదువు ఆపేశాడు. నన్ను ‘సారూ’ అని పిలిచేవాడు. అదీ నాకు నచ్చేది కాదు.

వేయబోయే రంగులు ఎలా ఉంటాయో ముందే తెలియజెప్పడం మా పనిలో సగం. నేను మాటల్లో చెప్పేవాణ్ణి. “ఆ నీలంలో కొంత గాంభీర్యం ఉంటుంది” అనేవాణ్ణి. లారీ ఓనర్లు “మంచిది సారూ” అని రోడ్డు దాటేవారు. అవతల అతను ఏమీ చెప్పేవాడు కాదు. బిస్కెట్ల పెట్టె అట్ట చింపి, ఉడికించిన మైదా జిగురుతో దాని మీద గుడ్డముక్కలు, అగ్గిపెట్టె బొమ్మలు, మిఠాయి డబ్బా కాగితాలు అంటించి గోడకు ఆనించేవాడు. ఓనరు దాని ముందు ఒక బీడీ కాలేంతసేపు నిలబడి, “గిదే. గిట్లనే కావాలె” అనేవాడు. ఒక్కో బండికి ఒక్కో అట్ట. అవి కోయడానికి కత్తెర నా దగ్గరే అడిగి తీసుకెళ్లేవాడు.

నాకు అసూయ ఉండేదని చెప్పలేను. రోజూ అక్కడ ఎన్ని లారీలు ఆగుతున్నాయో, ఎంతసేపు ఆగుతున్నాయో తెలుసుకుని ఉండేవాణ్ణి, అంతే.

ఒకసారి న్యాల్‌కల్ వైపు నుంచి ఒక చెరుకు రైతు తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. లారీ కొన్నాడు, వాళ్ల ఇంట్లో అదే మొదటిది. ఆ పని కూడా దక్కకపోతే దుకాణం మూసేసి, రాయికోడ్‌లో మా మామ నడిపే ఎరువుల కొట్లో కూర్చోవాలని మా ఇంట్లో అప్పటికే తేల్చేశారు.

“ఇద్దరు ఎట్లెట్ల చేస్తరో సూపెట్టుండ్రి. ఐతారం వస్తం” అన్నాడు రైతు.

ఈసారి నేనూ అట్ట చేద్దామనుకున్నాను. అట్ట కాదు, ప్లైవుడ్. హైదరాబాద్ వెళ్లి పాత విదేశీ పత్రికలు కొనుక్కొచ్చి మెరిసే బొమ్మలు కత్తిరించాను: మంచుకొండ, సముద్రం, పచ్చిక మీద తెల్లగుర్రం. ఒక్కోదాని కింద ‘వేగం’, ‘ప్రశాంతత’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. ఆ వారం ఎదురు దుకాణం రెండు రోజులు మూసి ఉంది. జ్వరమేమో అనుకున్నాను. ఆ అనుకోవడంలో విచారం పాలు తక్కువ.

ఆదివారం వాళ్లు ముందు నా దగ్గరికే వచ్చారు. రైతు నా అక్షరాలను మెచ్చుకున్నాడు. ముసలమ్మ మంచుకొండ మీద వేలు పెట్టింది.

“గిదేంది బిడ్డా, ఉప్పుకుప్పనా?”

“మంచుకొండ అవ్వా.”

“ఎందుకు?”

“చూస్తే చల్లగ అనిపిస్తది.”

“లారీకా?”

తర్వాత రోడ్డు దాటారు. మర్యాద కోసం నేనూ వెళ్లాను. అతని అట్ట మీద ఎర్రమట్టి పూసిన కాగితం, ఎండిన చెరుకు ఆకు, పాత చీర అంచు ఉన్నాయి. నడుమ రంగు వెలిసిన ఊలు కుచ్చు.

“మట్టిరంగు కిందికి, నీ చీర అంచు పక్కలకు” అని ముసలమ్మకు చూపించాడు. “మీరు అమ్మిన ఎడ్ల కొమ్ములకు ఉండె గదా అవ్వా, గా కుచ్చు బండి ముంగటికి.”

ఆమె కుచ్చు దారాలను వేళ్లతో సవరించింది. కొడుకు “రేపు బండి తోలుకొస్త” అన్నాడు, అతనితో.

నేను ఆ అట్టలో తప్పు వెతికాను. ఒక మూల జిగురు ఊడింది. ఆ సంగతి చెప్పాను.

“అవును సారూ” అన్నాడతను, వినయంగా.

ఇక ఆగలేక రైతును అడిగాను. “పటేలా, నా దాంట్ల ఏం తక్కువైంది?”

అతను తల్లి వైపు చూశాడు.

“ఆయన రెండు దినాలు మా ఇంట్ల కూసుండె” అంది ముసలమ్మ. “నువ్వు మా ఇల్లు యాడుందని సుత అడగలె.”